శ్రీకాకుళంలో చేయించిన మంచం హైదరాబాద్‌లో చీలకుండా: అతుకులు, జిగురు, తేమ లెక్క

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆడపిల్ల పెళ్ళికి సారె సామాను దగ్గరుండి చేయించుకునేవాళ్ళు ఇప్పటికీ చాలామందే ఉన్నారు. మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, దేవుడి మందిరం. కర్ర మనం చూసి కొన్నదే, మేస్త్రీ తెలిసినవాడే. సామాను లారీ ఎక్కి హైదరాబాద్‌కో బెంగుళూరుకో వెళ్తుంది. ఏడాది తిరక్కుండా ఫోన్ వస్తుంది: బీరువా తలుపు పలక మధ్యలో చీలింది, మంచంకోళ్ళు ఊగుతున్నాయి, టేబుల్ పైచెక్క అతుకు విచ్చుకుంది. వెంటనే మేస్త్రీని తిడతాం, లేదంటే జిగురును తిడతాం. నాకు తెలిసినంతలో ఈ ఇద్దరి తప్పూ తక్కువే. జిగురు బాగానే పట్టి ఉంటుంది. కర్ర కుంచించుకుపోతుంటే దానికి జరగడానికి చోటు వదలలేదు, అందుకే చీలింది. కాబట్టి జిగురు ఎలా రాయాలో చెప్పేముందు తేమ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి.

## కర్రలో నీళ్ళు

ఎంత ఎండిన కర్రలోనైనా కొంత నీరు ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే కర్ర దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది, తగ్గితే వదిలేసి ముడుచుకుంటుంది. పాత ఇంటి దూలమైనా, మూడు పూతల పాలిష్ పడిన టేబుల్ అయినా ఇంతే. పాలిష్ ఈ రాకపోకలను నెమ్మదింపజేస్తుంది గానీ ఆపలేదు.

సముద్రం పక్కన ఉన్న మన ఊళ్ళలో వానాకాలం గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. అలాంటి గాలిలో నీడపట్టున ఉన్న కర్రలో తేమ 15, 16 శాతం దగ్గర నిలబడుతుంది. హైదరాబాద్‌లో మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాలు గాలిలో తేమ 30 శాతానికి అటూ ఇటూగా పడిపోతుంది. రాత్రికి కొంత పెరిగినా, ఆ ఎండాకాలంలో ఇంట్లో కర్ర 8, 9 శాతం దాకా దిగుతుంది. అంటే ఇక్కడి సామాను అక్కడికి వెళ్ళాక తనలోని నీటిలో దాదాపు సగం వదిలేస్తుందన్నమాట.

ఆ నీరు పోయేటప్పుడు కర్ర పొడవులో దాదాపు తేడా రాదు. వచ్చే తేడా అంతా వెడల్పులోనే, నారకు (కర్ర పొడవునా సాగే పోగులకు) అడ్డంగా. టేకు పలక అయితే కర్రలో తేమ ఒక్క శాతం మారినప్పుడల్లా 100 మిల్లీమీటర్ల వెడల్పుకు 0.2 మిల్లీమీటర్ దాకా మారుతుంది. చిన్న సంఖ్యలాగే కనిపిస్తుంది. కానీ 600 మిల్లీమీటర్ల వెడల్పున్న టేబుల్ పైచెక్కలో తేమ 6 శాతం తగ్గితే ఏడు మిల్లీమీటర్లు పోతాయి. అదే టేబుల్ అడుగున నారకు అడ్డంగా ఒక పట్టీ పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా జిగురు రాసి స్క్రూలు బిగించారనుకోండి. పట్టీ తన పొడవులో తగ్గదు, పైచెక్క తన వెడల్పులో తగ్గక మానదు. ఇక చీలక ఏం చేస్తుంది?

ఇక్కడే ఇంకో సంగతి. పలక చివరి కోతను చూడండి. చెట్టు వలయాలు విల్లులా వంగి, పలక వెడల్పు వెంబడి పడుకుని కనిపిస్తే ఆ పలక ఎక్కువగా కదులుతుంది, కప్పులా వంగుతుంది కూడా. వలయాలు నిలువు గీతల్లా ఉంటే కదలిక సుమారు సగమే. పొడి ఊరికి వెళ్ళే టేబుల్ పైచెక్కకు, తలుపు పలకకు నిలువు గీతల పలకలు ఏరి తీసి పెట్టమనండి. సామిల్లులో అడిగితే విసుక్కుంటారు, అయినా అడగండి.

## కర్ర ఎంపిక, ఎండబెట్టడం

టేకు తక్కువ కదిలే కర్ర, అందుకే దానికి అంత పేరు. పనస కూడా బాగా ఎండితే నమ్మకంగా నిలుస్తుంది. ఉద్దానంలో పనసకు కొదవ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు అక్కడ కొబ్బరి, జీడిమామిడి చెట్లతో పాటు పనస చెట్లూ విపరీతంగా కూలిపోయాయి. అలా పడిన చెట్టు కర్రను ఎవరైనా దాచి ఉంచితే, నీడలో గాలి తగిలేలా పేర్చారా లేక వానలో వదిలేశారా అన్నది చూసుకుని కొనాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేదీ పనసతోనే. అక్కడ బొబ్బిలి వీణను ఒకే దుంగలో తొలుస్తారు. అతుకే లేని చోట అతుకు విడిపోయే భయం లేదు. మనం మంచాన్ని ఒకే దుంగలో తొలచలేం కాబట్టి అతుకుల సంగతి చూసుకోక తప్పదు.

మేస్త్రీ పలకను వేలి గణుపుతో తట్టి "ఇంకా పచ్చిదనం పోనేదు బాబూ" అంటే మారుమాట లేకుండా నమ్మండి. "ఎండిపోయింది" అంటే మాత్రం పరీక్షించి చూడండి. పిన్నులు గుచ్చి చూసే తేమ మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. పలక పైపైన కాకుండా, ఒక చివర కొంచెం కోసి లోపలి మొహం మీద గుచ్చి చూడాలి. పైన ఎండి లోపల పచ్చిగా ఉండటం మామూలే.

మీటర్ లేకపోతే వంటింటి డిజిటల్ తూకం చాలు. పలక చివరి ఒక అడుగు వదిలేసి, ఆ తర్వాత నుంచి అంగుళం మందం ముక్క కోయండి. తూచండి. ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర ఉంచి, గంటకోసారి తూచుతూ, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టండి. మొదట 228 గ్రాములు ఉన్న ముక్క 200 గ్రాముల దగ్గర ఆగితే, పోయిన 28ని 200తో భాగించండి: 14 శాతం తేమ. ఇక్కడి ఇంటికైతే 12 నుంచి 14 ఉన్నా పని మొదలుపెట్టొచ్చు. హైదరాబాద్‌కో, ఇంకా పొడి ఊరికో వెళ్ళే సామానుకు 10కి దగ్గరగా రావాలి.

మన గాలిలో కర్ర 10కి దానంతటది దిగదు. రెండు దారులున్నాయి. కిల్న్‌లో (వేడి గాలితో కర్రను ఎండబెట్టే గదిలో) ఎండబెట్టిన కర్ర కొనడం ఒకటి. రెండోది, కోసిన పలకలను ఇంట్లో ఏసీ తిరిగే గదిలో మధ్యమధ్య అంగుళం పట్టీలు పెట్టి కొన్ని వారాలు పేర్చి ఉంచడం. పలకల చివర్లకు పెయింటో, కరిగించిన మైనమో పూయండి. చివర్ల నుంచి నీరు మిగతా చోట్లకంటే ఎన్నో రెట్లు త్వరగా పోతుంది, పగుళ్ళు మొదలయ్యేది అక్కడే. పట్టీలన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టకపోతే పలకలు అలల్లా వంగిపోతాయి.

తుఫాను వానలు పడే అక్టోబరు, నవంబరుల్లో అతుకుల పని పెట్టుకోవద్దు. పెళ్ళి ముహూర్తం మాఘంలో ఉంటే, వర్క్‌షాప్ పని డిసెంబరు దాకా ఆపమని చెప్పడం మంచిది. ముహూర్తం టెన్షన్‌లో పచ్చి కర్రతో లాగించేసిన సామానే తర్వాత ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది.

## కుసి, బెజ్జం

మంచంకోడులో పట్టె దిగే చోట, కుర్చీ కాలులో అడ్డ పట్టీ దిగే చోట కుసి (చెక్క చివర నాలుకలా చెక్కిన భాగం), బెజ్జమే (అది దిగే రంధ్రం) గట్టి. చెక్క మందంలో మూడో వంతు కుసి మందం ఉండాలి. కుసిని బెజ్జంలోకి చేత్తో నొక్కితే కొంచెం బిగువుగా దిగాలి, తలకిందులు చేసినా జారిపోకూడదు. సుత్తితో కొడితే తప్ప దిగడం లేదంటే, జిగురు అంతా బయటికి గీరుకుపోతుంది. గలగల ఆడుతుంటే జిగురు ఆ సందును నింపలేదు. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు సన్నని పొరగా ఉన్నప్పుడే బలం, మందంగా ఉంటే బలహీనం. రంపపు పొట్టు కలిపి సందులో కూరడం చూడటానికి బాగుంటుంది, బరువు మోయదు.

బెజ్జం లోతు కుసి కన్నా 2 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచండి. అడుగున చేరిన జిగురుకు చోటు లేకపోతే కుసి కిందికి దిగేటప్పుడు ఆ ఒత్తిడికి కాలే చీలిపోవచ్చు.

జిగురు పట్టేది నార వెంబడి ఉన్న మొహాల మధ్యే. చివరి కోత మొహం జిగురును తాగేస్తుంది, పట్టు ఉండదు. అందుకే కుసి బుగ్గలు (దాని వెడల్పాటి పక్కలు) నునుపుగా ఉండాలి, కుసి భుజాలు (కుసి మొదలయ్యే చోట ఉండే మెట్లు) చదునుగా కూర్చోవాలి. రంపం గాట్లు పడిన బుగ్గల మీద ఎంత ఖరీదైన జిగురు రాసినా ప్రయోజనం తక్కువ. చిత్రిక పట్టిన రోజే జిగురు రాయడం ఉత్తమం. టేకులో నూనె ఉంటుంది. కొత్తగా చెక్కిన మొహం కాకపోతే, గుడ్డను అసిటోన్‌లో తడిపి తుడిచి, ఆరగానే జిగురు పెట్టండి.

మంచంకోళ్ళకు, తలుపు ఫ్రేములకు కర్ర సీల (అతుకుకు అడ్డంగా కొట్టే కర్ర మేకు) కూడా వేయిస్తే మంచిది. బెజ్జం గోడల్లో పడిన రంధ్రానికి సరిగ్గా ఎదురుగా కాకుండా, కుసిలో రంధ్రం ఒక మిల్లీమీటర్ భుజం వైపు జరిపి వేస్తారు. సీల కొట్టేసరికి అది కుసిని లోపలికి లాగి బిగిస్తుంది. కర్ర ముడుచుకున్నా ఆ లాగుడు పోదు. ఈ పద్ధతిలో జిగురు లేకుండానే తలుపులు నిలుస్తాయి.

## ఏ జిగురు

ఇంట్లో వాడే సామానుకు మామూలు తెల్ల జిగురు చాలు. వంటింటి గట్టు కింద, బాల్కనీలో, తడి తగిలే చోట నీటికి తట్టుకునే మెరైన్ రకం వాడండి. కుసి వదులైన పాత సామాను రిపేరుకు, సందు నింపాల్సిన చోట రెండు ట్యూబులు కలిపి వాడే అరల్డైట్ తరహా ఎపాక్సీ బాగుంటుంది, దానికి క్లాంపు (అతుకును నొక్కి పట్టే బిగింపు) ఒత్తిడి కూడా ఎక్కువ అక్కర్లేదు. పాత వీణలు, పాత పెట్టెలకు వాడిన జంతు బంకను వేడి నీటితో విడదీయొచ్చు కాబట్టి, అలాంటి వాటిలో ఎపాక్సీ పోయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. తర్వాత రిపేరు చేసేవాడికి దారి మూసేసినట్టే.

తెల్ల జిగురులో నీళ్ళు కలపనివ్వకండి. డబ్బా ఎక్కువ రోజులు రావాలని కలుపుతారు. పలచన జిగురు చెక్కలోకి ఇంకిపోయి అతుకు ఎండిపోయినట్టు మిగులుతుంది.

## జిగురు పెట్టే రోజు

మొదట జిగురు లేకుండా మొత్తం బిగించి చూడండి. క్లాంపులు, చెక్క ముక్కలు, మూలమట్టం అన్నీ చేతికందే దూరంలో ఉంచుకోండి. జిగురు రాశాక క్లాంపు వెతుక్కునే టైం ఉండదు. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో జిగురు ఐదు నిమిషాల్లో పైపొర కట్టేస్తుంది. పొర కట్టాక నొక్కితే అతుకు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల పట్టు ఉండదు. వేసవిలో ఈ పని తెల్లవారుజామునే పెట్టుకోండి, ఒకేసారి నాలుగు అతుకులు కాకుండా రెండేసి చేయండి. బాగా పొడిగా ఉన్న ఊళ్ళో కర్ర కూడా జిగురులోని నీటిని వెంటనే లాగేస్తుంది. అక్కడ రెండు మొహాలకూ రాయడం తప్పనిసరి.

బెజ్జం గోడలకు సన్నని పుల్లతో, కుసి బుగ్గలకు బ్రష్‌తో పలచగా, ఖాళీ లేకుండా రాయండి. కుసిని దించి క్లాంపు బిగించండి. అతుకు పొడవునా చిన్న చిన్న ముత్యాల వరుసలా జిగురు బయటికి వస్తే సరిపోయినట్టు. ధారగా కారితే ఎక్కువైంది, అసలు రాకపోతే తక్కువైంది. బలం ఉంది కదా అని ప్రాణం పోయేలా బిగిస్తే ఉన్న జిగురంతా బయటికి వచ్చేస్తుంది. ఫ్రేము అయితే రెండు మూలల కర్ణాలూ కొలవండి. రెండూ సమానంగా లేకపోతే పొడవు కర్ణం వైపు క్లాంపును కాస్త వాలుగా తిప్పి సరిచేయాలి, అదీ జిగురు పట్టేలోపు.

క్లాంపులు లేనివాళ్ళు తాడును ఫ్రేము చుట్టూ రెండు వరుసలు చుట్టి, మధ్యలో కర్ర ముక్క దూర్చి మెలిపెట్టి బిగించవచ్చు. మూలల దగ్గర అట్టముక్క పెట్టకపోతే తాడు గాటు పడిపోతుంది.

వెలుపలికి వచ్చిన జిగురును తడి గుడ్డతో రుద్దకండి. అది పలచబడి చుట్టుపక్కల నారలోకి ఇంకి, పాలిష్ వేశాక తెల్ల మచ్చలా కనిపిస్తుంది. అరగంటా ముప్పావుగంట ఆగితే జిగురు జున్నుముక్కలా అవుతుంది, అప్పుడు ఉలి అంచుతో లేపేస్తే శుభ్రంగా వచ్చేస్తుంది.

ఎండాకాలం గంటకు క్లాంపు తీసినా పర్లేదు, వానాకాలం మాత్రం రాత్రంతా ఉంచండి. పూర్తి బలం రావడానికి 24 గంటలు. పలకలు పక్కపక్కన అతికి వెడల్పు చెక్క చేసినప్పుడు ఇంకా ఆగాలి. జిగురులోని నీటికి అతుకు పక్కనున్న కర్ర కొంచెం ఉబ్బి ఉంటుంది. మర్నాడే చిత్రిక పట్టి చదును చేస్తే, ఆ నీరు ఆరాక అతుకు వెంబడి సన్నని గుంట పడుతుంది. గ్లాస్ పాలిష్ మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడ్డప్పుడు ఆ గుంట కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నాలుగైదు రోజులు ఆగి ఉప్పుకాగితం పట్టమనండి.

## కర్రకు చోటు

అసలు జాగ్రత్త ఇక్కడే. వెడల్పు ఘన చెక్కను దేనికీ నాలుగు వైపులా అతకకూడదు.

బీరువా తలుపులో పలక ఫ్రేము గాడిలో కూర్చుంటుంది. గాడిలో జిగురు చుక్క కూడా పడకూడదు. పైన మధ్యలో ఒకటి, కింద మధ్యలో ఒకటి సన్నని మేకు వేస్తే పలక మధ్యలో నిలబడి రెండు వైపులా సమానంగా జరుగుతుంది. ఫ్రేము మూలల్లో కుసికి రాసిన జిగురు పలక మూలకు అంటుకోవడం చాలా మామూలు. పలక మూలలకు ముందే కొవ్వొత్తి మైనం రుద్దితే ఆ గొడవ ఉండదు.

గాడిలో ఎంత ఖాళీ వదలాలన్నది ఏ కాలంలో చేస్తున్నారన్న దాని మీద ఉంది. వానాకాలంలో చేస్తే పలక అప్పటికే ఉబ్బి ఉంది, దాదాపు నిండుగా పెట్టొచ్చు. పొడి కాలంలో చేసి ఇక్కడే వాడేదైతే ఒక్కో వైపు రెండు మూడు మిల్లీమీటర్లు వదలాలి, లేకపోతే శ్రావణానికి పలక ఉబ్బి ఫ్రేము మూలలనే విడదీస్తుంది. పొడి ఊరికి వెళ్ళే సామానుకు ఇంకో చిన్న పని ఉంది: పలకను ఫ్రేములో పెట్టకముందే అంచులతో సహా రంగు, పాలిష్ వేయించండి. బిగించాక వేస్తే, హైదరాబాద్‌లో పలక ముడుచుకోగానే గాడి లోపలి నుంచి పాలిష్ లేని పచ్చి గీత ఒకటి బయటపడుతుంది. చూసినవాళ్ళు చీలిందనుకుంటారు.

టేబుల్ పైచెక్కను ఫ్రేముకు స్క్రూలతో బిగిస్తారు. మధ్య స్క్రూకు గుండ్రని రంధ్రం, అంచుల వైపు స్క్రూలకు నారకు అడ్డంగా పొడవాటి రంధ్రం ఉండాలి, కింద వాషర్ పెట్టాలి. లేదంటే ఫ్రేము లోపల గాడి కొట్టి, అందులో జారే చిన్న చెక్క బిళ్ళలతో పట్టించవచ్చు. పైచెక్క చివర అందానికి అడ్డపట్టీ అతికేటప్పుడు మధ్య నాలుగు అంగుళాలకే జిగురు, మిగతాది గాడిలో వదులుగా. ప్లైవుడ్ పొరలు అడ్డదిడ్డంగా ఉంటాయి కాబట్టి అది ఇలా కదలదు. ప్లైవుడ్ పలక అయితే గాడిలో జిగురు పెట్టినా నష్టం లేదు.

పాలిష్ రెండు వైపులా వేయించాలి. పైన గ్లాస్ పాలిష్ వేసి అడుగు పచ్చిగా వదిలేస్తే నీరు ఒకవైపు నుంచే రాకపోకలు చేస్తుంది, పలక వంగుతుంది. కనపడని చోటికి పాలిష్ ఎందుకని మేస్త్రీ అంటాడు. డబ్బులిచ్చేది మనం.

## పొడి ఊరిలో ఇంటికి చేరాక

ఏసీ గాలి సూటిగా తగిలే చోట, పడమటి ఎండ పడే కిటికీ పక్కన బీరువా పెట్టొద్దు. ఒకే పలకలో ఒక వైపు త్వరగా ఎండటం అన్నిటికంటే చెడ్డది. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే కర్రకు ఇబ్బంది లేదు. బోల్టులతో బిగించే మంచమైతే మొదటి ఎండాకాలం ఒకసారి, వానలు మొదలయ్యాక ఒకసారి బోల్టులు సరిచూడమని పిల్లలకు చెప్పండి.

దీనికి తిరుగుడు సమస్య కూడా వస్తోంది. రాజస్థాన్‌లో చేసిన షీషమ్ కర్ర సామాను ఆన్‌లైన్‌లో కొని శ్రీకాకుళం తెచ్చుకుంటే, ఆగస్టుకల్లా సొరుగులు లాగినా రావు. అప్పుడే చిత్రిక పట్టించకండి. మైనం రుద్ది ఓపిక పట్టండి. వానల్లో చెక్కించేస్తే ఫిబ్రవరిలో సొరుగు వదులైపోతుంది. రెండో వానాకాలం కూడా పట్టేస్తే, అప్పుడు పట్టిన చోట మాత్రమే కొంచెం తీయించండి.

## విడిపోయినది రిపేరు

ఊగే కుర్చీకి పక్కనుంచి మేకు కొట్టించడం అందరూ చేసే పని. మేకు నాలుగు నెలలు ఆపుతుంది, ఆ తర్వాత కుసినే చీలుస్తుంది. అతుకును పూర్తిగా విప్పండి. విప్పేముందు ప్రతి ముక్క మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. రాని చోట అతుకు సందులో గోరువెచ్చని వెనిగర్ కొద్దికొద్దిగా పోసి కొంతసేపు ఆగితే తెల్ల జిగురు మెత్తబడుతుంది. పాత జిగురు మీద కొత్తది పట్టదు కాబట్టి ఉలితో గీకి, కర్ర కనపడేదాకా శుభ్రం చేయండి. తడి పూర్తిగా ఆరనివ్వండి. కుసి సన్నబడి ఉంటే బుగ్గకు పలచని టేకు పొర అతికి, ఆరాక సరిపడేలా చెక్కి, మళ్ళీ జిగురు పెట్టండి.

పలక మధ్యలో పడిన చీలికను ఎండాకాలంలో పుట్టీతో నింపొద్దు. వానలకు కర్ర ఉబ్బినప్పుడు పుట్టీ నలిగి బయటికి వస్తుంది, లేదా చీలిక ఇంకో చోటికి పాకుతుంది. ముందు పలకను ఎక్కడ బిగబట్టారో చూడండి. గాడిలో జిగురు ఉంటే విడదీయాలి, అడ్డపట్టీ స్క్రూల రంధ్రాలను పొడవు చేయాలి. ఒక వానాకాలం గడవనిచ్చి, అప్పటికీ చీలిక మూసుకోకపోతే అదే కర్ర నుంచి నార కలిసే సన్నని పేడు తీసి, ఒక వైపు మాత్రమే జిగురు రాసి దించి, ఆరాక చదును చేయించండి.